ఊరికే కూర్చోటానికి వచ్చానండీ!

మగవాడు సాయంత్రం పూట నది వొడ్డు పార్కుకి వెళితే "గాలికి వెళ్ళాడు" అంటారు. ఆడది వెళితే "ఎందుకు వెళ్ళింది?" అంటారు. ఇద్దరూ వెళ్ళింది ఒక్క చోటికే, పీల్చింది ఒక్క గాలే. మగవాడి గాలికి సంజాయిషీ అక్కర్లేదు, మన గాలికి కావాలి. తేడా అంతే.

ఆ సంజాయిషీలు కూడా మనకి కంఠతా వచ్చు. పిల్లవాణ్ణి ఉయ్యాల ఎక్కించటానికి వచ్చానంటే సరే అంటారు. డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడంటే అయ్యో పాపం అంటారు. కార్తీక సోమవారం దీపం వదలటానికి వచ్చానంటే చేతులెత్తి దణ్ణం పెడతారు. ఊరి నుంచి ఆడపడుచు వస్తే గోదారి చూపించటానికి తీసుకొచ్చానంటే ఎంత మంచి వదినో అంటారు. ఇవేవీ కాకుండా "ఊరికే కూర్చోటానికి వచ్చానండీ" అని చూడండి! ఎదటివాళ్ళ మొహంలో రంగు మారుతుంది. ఇంట్లో ఏదో గొడవ పడి వచ్చిందనో, ఎవరి కోసమో కాసుకుని కూర్చుందనో, కాస్త మతి చలించిందనో అనుకుంటారు గాని, ఆడమనిషికి కూడా ఊరికే కూర్చోవాలనిపిస్తుందని ఒక్కరికీ తట్టదు.

ఈ "ఊరికే" అన్న మాట కోసమే నా పోట్లాటంతా. నేను రాజమండ్రి గోదావరి గట్టును మనసులో పెట్టుకుని రాస్తున్నాను. బెజవాడ వాళ్ళు గోదావరి అన్నచోట కృష్ణ అనీ, నెల్లూరు వాళ్ళు పెన్న అనీ చదువుకోండి. పెద్దగా తేడా రాదు.

రాజమండ్రిని ఇప్పుడు కాగితాల్లో రాజమహేంద్రవరం అని రాస్తున్నారు. ఎలా రాసినా ఆ వూరికున్న అదృష్టం మాత్రం మారదు. ఊరు నదికి తూర్పు వొడ్డున వుంది. అవతల పడమటి వొడ్డున కొవ్వూరు. అంచేత రోజూ సాయంత్రం సూర్యుడు నీళ్ళ మీదుగానే దిగుతాడు. 1900లో రైళ్ళకి తెరిచి 1997లో సెలవిచ్చేసిన హేవలాక్ వంతెన ఒక పక్క, ఆ 1997లోనే వచ్చిన విల్లుల వంతెన ఒక పక్క, మధ్యలో ఎర్రగా కరిగే నీళ్ళు. డబ్బిచ్చి చూడవలసిన దృశ్యం ఊరందరికీ ఉత్తినే దొరుకుతోంది.

ఊరందరికీ అన్నానా? ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. సూర్యుడు కొవ్వూరు వైపు దిగే వేళకి మనం ఎక్కడుంటామో చెప్పండి. సింకులో మధ్యాహ్నపు గిన్నెలు, పొయ్యి మీద పాలు, ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లలకి టిఫిను, ఆఫీసు నుంచి వచ్చిన ఆయనకి కాఫీ. ఉద్యోగం చేసే ఇల్లాలైతే అప్పుడే బస్సు దిగి, దార్లో కూరగాయలు కొని, సంచీతో మెట్లెక్కుతూ వుంటుంది. గోదావరికి రెండు వీధుల అవతల పుట్టి, పెరిగి, కాపరం చేసి, మనవల్ని ఎత్తిన వాళ్ళలో కూడా, ఆ అస్తమయాన్ని ఏడాదికి నాలుగుసార్లయినా తీరిగ్గా చూసిన ఆడవాళ్ళెందరు? మీ అత్తగారిని అడగండి. తరవాత మిమ్మల్ని మీరు అడుక్కోండి.

పూర్వం ఇలా కాదు. పూర్వం ఆడవాళ్ళకి నది వుండేది. దాన్ని రేవు అనేవారు. కోటిలింగాల రేవు అన్న పేరు ఇప్పటికీ నిలిచి వుంది కదా. తెల్లవారు ఝామున బిందె చంకన పెట్టుకుని రేవుకి వెళ్ళటం, స్నానం చేసి తడిబట్టలతో రావటం, మళ్ళీ బట్టల మూట తీసుకు వెళ్ళటం. ఆ రాకపోకల్లో ఎంత కథ నడిచేది! కొత్త కోడలి మొహం ఎందుకు వాడిందో రేవులో తెలిసేది. ఎవరింట్లో పెళ్ళిచూపులో, ఎవరికి నెల తప్పిందో, ఎవరి మొగుడు చెయ్యి చేసుకున్నాడో, ఆ కబురు పుట్టింటికి ఎలా చేరవెయ్యాలో, అన్నీ అక్కడే. గుమ్మం దాటటానికి వీల్లేని రోజుల్లో కూడా నీళ్ళ పేరు చెప్పి గుమ్మం దాటే హక్కు ఆడదానికి వుండేది.

అంత మాత్రాన ఆ రోజులే బంగారం అనటం లేదు నేను. నిండు బిందె మోసి మెట్లెక్కిన నడుముల్ని అడిగితే తెలుస్తుంది ఆ బంగారం సంగతి. చలికాలం గోదాట్లో మునిగే ఏడేళ్ళ వితంతువు వొణుకూ ఆ రేవులోదే. ఎవరు ఏ మెట్టు మీద నుంచోవాలో, ఎవరి బిందె ఎవరికి తగలకూడదో అన్న కులం లెక్కలూ ఆ రేవులోవే. కుళాయి వచ్చింది. బిందె దిగింది. ఎంతో మంచిది. కుళాయి కనిపెట్టిన మహానుభావుడికి మొక్కాల్సిందే.

అయితే కుళాయి వచ్చినప్పుడు ఒక మోసం కూడా జరిగింది. మన నెత్తి మీద బిందెతో బాటు, మన చేతిలోని వంక కూడా తీసేశారు. నీళ్ళు ఇంట్లోకొచ్చాయి, ఇంక నువ్వు బయటికి వెళ్ళటమెందుకన్నారు. చాకిరీ పోతే దాంతో బాటు దొరికిన కాస్త తీరికా పోయింది. నది మగవాళ్ళ పాలబడింది. ఈతకి వాళ్ళు, గాలాలకి వాళ్ళు, గట్టు మీద కూచుని రాజకీయాలు మాట్లాడటానికి వాళ్ళు. మనకి మిగిలినవి పన్నెండేళ్ళకోసారి పుష్కరం, ఏడాదికో కార్తీక మాసం. అంటే పుణ్యం మూటగట్టుకోటానికైతే నది మనది. ఊరికే కూర్చోటానికి కాదు.

సరే, రేవు పోయింది. తరవాత పార్కులొచ్చాయి. గట్టు వెంట అక్కడో చిన్న తోట, ఇక్కడో చిన్న తోట. రేవు చేసిన పని ఇప్పుడు పార్కు చెయ్యాలి, బిందె బరువు లేకుండా. నది వొడ్డున పార్కు కట్టటంలో అర్థం ఏదైనా వుంటే అదే. మరి కట్టేవాళ్ళకి ఆ ఆలోచన వుందా?

ఏ వూరి నది వొడ్డు పార్కుకైనా వెళ్ళి చూడండి. గేటు దగ్గర పెద్ద పెద్ద అక్షరాలతో ఊరి పేరు, దాని పక్కన ఎర్ర గుండె బొమ్మ. దాని ముందు నుంచుని ఫోటో తీసుకోవాలి. తరవాత సిమెంటు ఏనుగు, సిమెంటు జింక, నోట్లోంచి నీళ్ళు రాని సిమెంటు చేప. ఆ పైన పసుపు, నీలం రంగుల ఇనప సామాన్లు, వ్యాయామానికట. చీర కట్టుకున్నావిడ వాటిని ఎక్కితే దిగటం ఎలాగో పక్కనున్న బోర్డులో రాయలేదు. గడ్డి బాగా పెంచారు, దాని మీద నడవరాదు. పువ్వులు బాగా పూశాయి, ముట్టుకోరాదు. ఫౌంటెన్ వుంది, మంత్రిగారొచ్చిన రోజున ఆడింది. అన్నీ చూడటానికే గాని కూర్చోటానికి కాదు. కూర్చునేందుకు వేసిన నాలుగు బెంచీల్లో రెండిటికి వీపు ఆనించుకునే పలక వుండదు. మిగతా రెండూ నది వైపు కాక గేటు వైపు తిరిగి వుంటాయి! నది వొడ్డున పార్కు కట్టి, నదికి వీపు పెట్టి కూర్చోమన్న ఆ ఇంజనీరుగారి బుర్రకి ఏం బహుమానం ఇవ్వాలో నాకు తెలియటం లేదు.

ఆ మధ్య ఒక పార్కులో (పేరెందుకు లెండి) నేనూ, నా వయసావిడే ఇంకొకావిడా వేరు వేరుగా కూర్చుని వున్నాం. నాలుగు బెంచీల నిండా మగవాళ్ళే. ఒకాయన చెప్పులు తీసి, తువ్వాలు తలకింద పెట్టుకుని గురక కూడా పెడుతున్నాడు. కాపలా అతను వాళ్ళెవరినీ పలకరించలేదు. తిన్నగా నా దగ్గరికే వచ్చి, "ఎవరైనా వత్తారాండమ్మగారూ?" అన్నాడు. "ఎవరూ రారు బాబూ" అన్నాను. "మరి?" అన్నాడు. ఆ "మరి"లో వెటకారం లేదు. పాపం, నిజంగా నా మంచి కోరే అడిగాడు. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి వూరుకోవచ్చు. మంచివాళ్ళకి కూడా ఆడది ఒంటరిగా కూర్చోవటం ఒక ఆపదలా, ఒక అనుమానంలా కనిపిస్తోందే, దానికెవర్ని తిట్టాలి? అవతలి బెంచీ ఆవిణ్ణి కూడా అలాగే అడిగాడు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. నిద్రపోతున్న పెద్దమనిషిని మాత్రం ఎవరూ లేపలేదు.

ఇది మన వూరి జబ్బే అనుకోకండి. ముంబయి అంటే అర్ధరాత్రి కూడా ఆడవాళ్ళు నిర్భయంగా తిరిగే వూరని మనకి పేరు కదా. ఆ ముంబయి మీదే శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అనే ముగ్గురు కలిసి "వై లాయిటర్" అని 2011లో ఒక పుస్తకం ప్రచురించారు. అక్కడ కూడా ఆడది వీధిలో కనిపించాలంటే చేతిలో ఏదో పని వుండి తీరాలనీ, పనీ పాటా లేకుండా వీధిలో నిలబడే హక్కు మగవాడికున్నట్టు ఆమెకి లేదనీ వాళ్ళు వాదించారు. పెద్ద పట్నం సంగతే అలా వుంటే మన గట్టు సంగతి చెప్పేదేముంది?

ఇప్పుడు నాకు వచ్చే జవాబులన్నీ నాకు తెలుసు. ఒక్కొక్కటే తీసుకుందాం.

"నీకు ఇంట్లో డాబా లేదా? అక్కడ కూర్చోరాదూ?" అంటారు వదినగారు. డాబా మీద ఆరేసిన బట్టలుంటాయి, ఎండబెట్టిన వొడియాలుంటాయి. కింది నుంచి "అమ్మా, నా సాక్సు ఏవీ?" అన్న కేకలుంటాయి. ఇంట్లో కూర్చున్న ఆడది కూర్చున్నట్టు ఎవరూ లెక్క పెట్టరు. ఖాళీగా వుందని లెక్క పెడతారు. అదీగాక అపార్టుమెంటుల్లో డాబా తాళంచెవి సెక్రటరీగారి దగ్గరుంటుంది.

"ఆదివారం నేను తీసుకెళతాగా!" అంటారు మనింటాయన. తీసుకెళతారు, కాదనను. టిక్కెట్టు కొంటారు, పిల్లలకి మొక్కజొన్న పొత్తులు కొనిపెడతారు, పావుగంట కాగానే వాచీ చూసుకుంటారు. ఆ పావుగంటలో చిన్నాడు నీళ్ళ దగ్గరికి వెళ్ళకుండా చూసుకునేది మనం, మూతులు తుడిచేది మనం, మరచెంబు మోసేది మనం. ఇంటి పనిని గట్టు దాకా మోసుకెళ్ళి, అక్కడ చేసి, మళ్ళీ మోసుకు రావటాన్ని విహారం అంటారు కాబోలు! పిల్లలతో వెళ్ళటం మంచిదే, ఆయనతో వెళ్ళటం ఇంకా మంచిదే. అది వేరు. నేను అడుగుతున్నది వేరు.

"రోజులు బాగోలేవమ్మా, ఒంటరిగా ఎందుకు?" అంటారు అత్తయ్యగారు. ఈ మాటని నేను తోసెయ్యను. నిజంగానే భయం వుంది. అయితే ఆ భయానికి మనవాళ్ళు చేస్తున్న మందేమిటో చూడండి. పొద్దుగుంకగానే గేటుకి తాళం. దీపాలు పెట్టరు, తాళాలు పెడతారు. అంతా ఖాళీగా వున్న చోటే భయం గాని, పదిమంది ఆడవాళ్ళు కూర్చున్న చోట భయమెందుకుంటుంది? ఆడవాళ్ళు రావటం లేదు కనక భయం, భయం కనక ఆడవాళ్ళు రారు. ఈ గుండ్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. మనల్ని ఇంట్లో కూర్చోబెట్టి తెంపలేరు. గట్టు మీద కూర్చోబెట్టే తెంపాలి.

అలా తెంపిన వూరొకటి వుంది. అది మన దేశంలో కాదు. డాన్యూబు నది వొడ్డునున్న వియన్నా. అక్కడి పార్కుల్లో ఆడపిల్లలు తొమ్మిది పదేళ్ళు దాటేసరికి కనిపించకుండా పోతున్నారనీ, మగపిల్లలు మాత్రం అలాగే వస్తున్నారనీ 1990లలో ఆ నగరం వాళ్ళు గమనించారు. మనవాళ్ళయితే "ఆడపిల్లలకి ఆటల మీద ఇష్టం వుండదు" అని ఒక ముక్క అని చేతులు దులుపుకునేవారు. వాళ్ళు దులుపుకోలేదు. పార్కుల్లో వున్నది ఒకే ఒక పెద్ద మైదానం, దాన్ని పెద్ద కుర్రాళ్ళు పట్టేసుకుంటే ఆడపిల్లలు వాళ్ళతో కొట్లాడలేక తప్పుకుంటున్నారని కనిపెట్టారు. 1999 నుంచి రెండు పార్కుల్ని మార్చి చూశారు. పెద్ద చోటుని చిన్న చిన్న చోట్లుగా విడదీశారు. నడిచే దారులు బాగు చేశారు, దీపాలు పెంచారు, వాలీబాలుకీ బాడ్మింటనుకీ వేరే చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. మగపిల్లల్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఇది బ్రహ్మవిద్యా? కాదు. పార్కుకి ఎవరు రావటం లేదో లెక్క పెట్టాలన్న బుద్ధి, అంతే. మన పార్కుల్లో ఎన్ని మొక్కలు నాటామో లెక్క చెప్తారు, ఎన్ని లక్షలు ఖర్చయ్యాయో చెప్తారు. సాయంత్రం ఆరింటికి ఎన్ని బెంచీల మీద ఆడవాళ్ళున్నారో లెక్క పెట్టమనండి!

ఇక మనం నోరు విప్పి చెప్పుకోని సంగతి ఒకటుంది. ఇవాళ చెప్పేస్తాను. మరుగుదొడ్డి. మగవాడికి గోడ చాలు, చెట్టు చాలు, గోదావరంత గట్టు వుంది. మనకి? బయటికి బయల్దేరే ముందు మంచినీళ్ళు తాగటం మానేసే జాతి మనది. పెళ్ళికెళ్ళినా, రైలెక్కినా, పార్కుకొచ్చినా గొంతెండబెట్టుకునే వెళతాం. నిండు గోదావరి ఎదుట దాహంతో కూర్చోవటం కన్నా విచిత్రం ఇంకేముంటుంది? పార్కుల్లో మరుగుదొడ్డి కట్టలేదని నేననను. కడతారు, ప్రారంభోత్సవానికి ముందు సున్నం కూడా వేస్తారు. తరవాత దానికి తాళం పడుతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. తాళం లేకపోతే తలుపు లేదు. తలుపుంటే నీళ్ళు లేవు. నది వొడ్డున నీళ్ళు లేవు!

ఇక టిక్కెట్టు. మనిషికి పదో ఇరవయ్యో ఎంత, మధ్యతరగతి వాళ్ళకి లెక్కా అంటారు. లెక్కే. నెలాఖరున పది రూపాయలకి కొత్తిమీర కట్ట గుర్తొచ్చే ఇల్లాలు తన కోసం, వొట్టి కూర్చోవటం కోసం, పది రూపాయలు తీసి ఇస్తుందా? పిల్లల కోసం వంద ఇస్తుంది. తన కోసం పది తియ్యదు. మన ఇంట్లో అంట్లు తోమే అప్పాయమ్మ సంగతి ఇంకా చెప్పక్కర్లేదు. నిజానికి నాకన్నా, మీకన్నా ఆవిడకే ఎక్కువ కావాలి ఆ బెంచీ. ఆరిళ్ళ పని చేసి వెళ్ళే దారిలో పావుగంట నది వైపు చూస్తూ కాళ్ళు జాపుకోటానికి ఆవిణ్ణి టిక్కెట్టడగటం అన్యాయం కాదూ? గోదావరేం ఎవరి తాత సొత్తూ కాదు.

"డబ్బెక్కడిది?" అన్నది ఆఖరి ప్రశ్న. దీనికి జవాబు పుష్కరాల్లో వుంది. పన్నెండు రోజుల పుష్కరానికి ఎన్నెన్ని ఘాట్లు కడతారో, ఎన్ని దీపాలు, ఎన్ని గదులు, ఎన్ని మరుగుదొడ్లు, మనం చూసిందే. అంత చేసినా 2015 జూలై 14న, మొదటి రోజునే, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పుణ్యానికని వెళ్ళి తిరిగి రాని ఆ తల్లుల్ని తల్చుకున్నప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది. నది మనకి రోజూ దక్కితే, ఒక్క ముహూర్తానికే దక్కుతుందన్నట్టు అంతమంది ఒక్క మెట్టు మీదికి ఎగబడతారా? 2015 తరవాత పుష్కరం 2027లో. ఆ పన్నెండు రోజుల కోసం పెట్టే ఖర్చులో కొంత, ఆ తరవాతి పన్నెండేళ్ళూ పనికొచ్చేలా పెట్టండి అంటున్నాను. దీపాల స్తంభాలు పీకెయ్యకండి. గదులు మూసెయ్యకండి. మెట్ల పక్కన పిట్టగోడకి ఒక పలక ఆనిస్తే అదే బెంచీ. దీనికి కొత్త డబ్బేం కావాలి?

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే పార్కు కావాలన్నానని నా పేరు చెప్పి గట్టంతా కాంక్రీటు పోసేస్తారు. నది వొడ్డు నదిది. ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తన చోటు తను అడుగుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రేడియోలోనూ టీవీలోనూ విని విని మనింట్లో పిల్లలకి కూడా ఈ అంకెలు వచ్చు. 1986 ఆగస్టులో గోదావరి 35 లక్షల క్యూసెక్కులు పట్టుకొచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటి చోట హోటలు కడితే మునుగుతుంది, కల్యాణ మంటపం కడితే మునుగుతుంది. పార్కయితే మునిగి, మళ్ళీ తేలుతుంది. గడ్డి మళ్ళీ మొలుస్తుంది. కానుగా, నేరేడూ నాలుగు రోజులు నీళ్ళలో నుంచుంటే చావవు. బెంచీ మీద బురద కడుక్కుంటే పోతుంది. అంచేత నది వొడ్డున కట్టదగిందేదైనా వుంటే పార్కే. అదీ చెట్లుండే పార్కు, సిమెంటు ఏనుగుల పార్కు కాదు.

ఈ తెలివి మన పెద్దవాళ్ళకి లేకపోలేదు. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేల మంది కొట్టుకుపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడ్డారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరద తరవాతే పైన చెరువులు కట్టటం, కింద వొడ్డుల్ని ఖాళీ చేసి తోటలు వేయించటం మొదలెట్టారు. వొడ్డున ఇళ్ళ కన్నా చెట్లు మేలని ఆ రోజుల్లోనే తెలుసుకున్నారన్న మాట. ఆ తరవాత మూసీని మురిక్కాలవ చేసి, తోట పక్కన ముక్కు మూసుకోవలసిన గతి పట్టించింది తరవాతి వాళ్ళం. గోదావరికి ఆ గతి పట్టకుండా చూడటం కూడా గట్టు మీద కూర్చునే వాళ్ళ వల్లే అవుతుంది. రోజూ చూసే మొహంలో మచ్చ వస్తే వెంటనే కనిపిస్తుంది కదా. ఏ కాలవ తెచ్చి నదిలో కలుపుతున్నారో, ఎక్కడ చెత్త పోస్తున్నారో, ఇళ్ళల్లో కూర్చున్న మనకేం తెలుస్తుంది?

అసలు ఈ మాట రాజమండ్రిలో ఇంకొకరు చెప్పవలసి రావటమే చోద్యం. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించిన వూరిది. ఊరంతా వెలివేస్తామని బెదిరిస్తే, వంటవాళ్ళు రామంటే, రాజ్యలక్ష్మమ్మగారు నడుం బిగించి నిలబడిన వూరిది. నలుగురూ కూర్చుని మాట్లాడుకోటానికి చోటుండాలని 1890లో పంతులుగారు టౌను హాలు కట్టించిన వూరిది. ఆడదాని బతుకుని మార్చటానికి అంత యుద్ధం చేసిన చోట, ఇన్నేళ్ళ తరవాత, ఒక ఆడమనిషి బెంచీ మీద ఒంటరిగా కూర్చుంటే వింతగా చూస్తున్నామంటే, పంతులుగారి విగ్రహానికి దండలు వెయ్యటంతోనే మన పని సరిపెట్టుకున్నామన్నమాట.

ఇంతసేపూ మునిసిపాలిటీ వాళ్ళనీ, మగవాళ్ళనీ దులిపేశాను. చదివేవాళ్ళు మీరు కనక మీతో ఒక్క మాట. ఎదురింటి పిన్నిగారు ఒంటరిగా గట్టు మీద కనిపిస్తే, ఇంటికొచ్చి "ఏవిటో, ఆవిడ ఒక్కత్తీ కూర్చునుందండీ" అని మొదలెట్టేది ఎవరు? మనమే. కాపలా అతని "మరి?" కన్నా మన "ఏవిటో" పదును ఎక్కువ. పార్కులో కుర్రజంట కనపడితే ముక్కు మీద వేలేసుకుని, "ఇందుకేనమ్మా మనలాంటి వాళ్ళు రాలేకపోవటం" అనేదీ మనమే. వాళ్ళ మానాన వాళ్ళు కూర్చున్నారు, మన మానాన మనం కూర్చోవచ్చు. బెంచీలు చాలకపోతే బెంచీలడగాలి గాని, పిల్లల్ని తరమమనటం ఎందుకు? ఇవాళ వాళ్ళని తరిమిన కర్రే రేపు మన వైపు తిరుగుతుంది.

అంచేత చెయ్యవలసింది చెప్తాను. ఒక తెల్లకాగితం తీసుకోండి. కమీషనరుగారికి అని రాయండి. నది వైపు తిరిగిన, వీపుకి ఆనుడున్న బెంచీలు కావాలి. రాత్రి తొమ్మిదింటి దాకా దీపాలుండాలి, గేటు తెరిచి వుండాలి. నీళ్ళూ, తలుపూ, శుభ్రం చేసే మనిషీ వున్న మరుగుదొడ్డి కావాలి. టిక్కెట్టు తీసెయ్యాలి. కాపలాకి ఒక ఆడమనిషిని కూడా పెట్టాలి. ఇంతే. సిమెంటు జింకలు ఇంకేమీ అక్కర్లేదని కూడా రాయండి, డబ్బు మిగుల్తుంది. మీ వీధిలో పదిమంది చేత సంతకాలు పెట్టించండి. అప్పాయమ్మ చేత కూడా. వేలిముద్రయినా సరే.

జవాబొచ్చేదాకా ఆగక్కర్లేదు. రేపు సాయంత్రం కూరకి ముక్కలు ముందే తరిగి పెట్టుకోండి. పాలు కాచేది ఆయనకి అప్పగించండి, పొంగితే పొంగనివ్వండి. సంచీ తీసుకోకండి, తీసుకుంటే మార్కెట్టు గుర్తొస్తుంది. గట్టెక్కి, నీళ్ళ వైపు తిరిగి కూర్చోండి. ఎవరైనా వచ్చి ఎందుకమ్మా అంటే ఏం చెప్పాలో మీకు తెలుసు.